రొద ఆగిపోయిన సాయంత్రం

విద్యుత్ తనిఖీ శాఖలో కొత్తగా చేరిన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మనం చేసే పని ఏమిటో మన ఇళ్ళలోనే సరిగ్గా తెలియదు. నేను రిటైరయ్యే రోజు దాకా మా అత్తగారు నన్ను కరెంటు బిల్లులు వసూలు చేసే మనిషనే అనుకున్నారు. పక్కింటివాళ్ళ బిల్లు తగ్గించమని ఒకసారి సిఫారసు కూడా చేశారు. బిల్లులకూ మనకూ సంబంధం లేదు. సినిమా హాలు కానీ, ఫ్యాక్టరీ కానీ, తిరునాళ్ళ పందిరి కానీ, జనం గుమికూడే చోట వైరింగు పరీక్షించి, ఇక్కడ ఎవరికీ ప్రమాదం లేదని సంతకం పెట్టడం మన పని. తిరువళ్ళూరు ఆఫీసు నుంచి తిరుత్తణి దాకా ఊరూరా తిరిగి ఎన్నో సంతకాలు పెట్టాను. వాటిలో చాలావరకు ఇప్పుడు గుర్తు లేవు. ఒకదాన్ని తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ అరచేతులకు చెమట పడుతుంది.

అది చెప్పాలంటే ముందు ఒక బ్యాండు గురించి చెప్పాలి.

మాది తిరుత్తణికి అవతల ఒక తెలుగు రైతుల ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. సంగీతమంటే ఆడికృత్తిక పండగకు కొండ మీద గుడిలో వాయించే నాదస్వరం, రేడియోలో సినిమా పాటలు, అంతే. మద్రాసులో పాలిటెక్నిక్‌లో చేరాక ఆడపిల్లల హాస్టల్లో నా గదికి అరక్కోణం రైల్వే కాలనీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఆమె పెట్టెలో బట్టల కన్నా క్యాసెట్లు ఎక్కువ. వాటిలో ఒకటి రోజూ పెట్టేది. మొదట్లో నాకు చిరాకు. తర్వాత అలవాటైంది. ఒక సెలవుకు ఆమె ఊరెళ్తే, గది మరీ బోసిగా ఉందనిపించి నేనే ఆ క్యాసెట్ తీసి పెట్టుకున్నాను. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ పాటలు నన్ను వదల్లేదు.

ఆ బ్యాండువాళ్ళు మద్రాసు కుర్రాళ్ళే. ఇంగ్లీషులో సొంతంగా పాటలు కట్టుకుని పాడేవాళ్ళు. రాక్ బ్యాండు అనేవారు కానీ అందులో జాజ్ బాగా కలిసి ఉండేది. ఈ రెండు మాటలకు అర్థం నాకు ఆ గదిలోనే తెలిసింది. రాక్ అంటే బరువైన తాళం, దాని మీద గిటారు గర్జన. జాజ్ అంటే అనుకున్నది అనుకున్నట్టు వాయించకుండా, అప్పటికప్పుడు పుట్టించుకుంటూ పోవడం. నాదస్వరం ఆయన ఆలాపనలో ఏ మలుపు తిరుగుతాడో పక్కన డోలు పట్టుకున్న మనిషికి కూడా తెలియదు చూడండి, అలాంటిది. ఈ బ్యాండులో డ్రమ్స్ ఆయన మేకు కొట్టినట్టు కొట్టేవాడు కాదు. తాళానికి ఒక వెంట్రుకవాసి వెనక, తీరిగ్గా వచ్చేవాడు. బాస్ గిటారు ఎవరో మెట్లు దిగుతూ మాట్లాడుకుంటున్నట్టు ఉండేది. పాడేదీ సాక్సఫోన్ ఊదేదీ ఒకరే. మాటలు చాలని చోట సాక్సఫోన్ అందుకునేవాడు. గిటారు ఆయన మాత్రం తక్కువ వాయించేవాడు. ఒక స్వరం వేసి, దాన్ని గాలికి వదిలేసి, అది పూర్తిగా ఆరిపోయేదాకా ఇంకొకటి వేసేవాడు కాదు. అంత ఓపిక నాకు నా ఉద్యోగంలో కూడా రాలేదు.

వాళ్ళ పాటల్లో ఒక పొడవైన పాట ఉంది. వాన తగ్గేదాకా ఒక రైల్వే స్టేషన్లో నిలబడిపోయిన ఇద్దరి పాట. మొదట గొంతు, తర్వాత సాక్సఫోన్, ఆ తర్వాత డ్రమ్స్, బాస్ రెండే కలిసి చినుకుల్లా. చివర్లో గిటారు ఆయన తన చోటు వదిలి నడుచుకుంటూ వచ్చి, సాక్సఫోన్ ఆయన మైకు దగ్గరే నిలబడి, ఆఖరి పంక్తులు ఇద్దరూ కలిసి పాడతారు. గిటారు ఆయన నోరు విప్పేది అక్కడ ఒక్కచోటే. తనకంటూ మైకే ఉండదు. ఆ ఘట్టం కోసమే అభిమానులు టికెట్టు కొనేవారని నా గదిలో అమ్మాయి చెప్పేది. ఆ పాట ఎన్నడూ ఒకే తీరుగా ఉండేది కాదు. క్యాసెట్లో ఒక నడక, తర్వాతి రికార్డింగులో ఇంకో నడక. సాక్సఫోన్ భాగం ఒకసారి పొడుగ్గా సాగేది, ఒకసారి రెండు ఊపిర్లతో ముగిసేది. అందుకే అది నాకు ప్రాణం.

పెళ్ళి, పిల్లలు, బదిలీలు. ఆ బ్యాండువాళ్ళను నేరుగా ఎప్పుడూ చూడలేదు. మధ్యలో విడిపోయారని పేపర్లో చదివాను. గడ్డాలు తెల్లబడ్డాక మళ్ళీ కలిశారని ఫోన్లో వీడియోలు రావడం మొదలైంది. నేను రిటైర్మెంటుకు దగ్గర పడిన ఏడాది, తిరువళ్ళూరు, తిరుత్తణి మధ్యనున్న ఒక ఇంజనీరింగు కాలేజీ నుంచి మా ఆఫీసుకు అర్జీ వచ్చింది. వార్షికోత్సవం, ఆరుబయట వేదిక, సంగీత కార్యక్రమం, తాత్కాలిక వైరింగు తనిఖీ చేయాలి. బ్యాండు పేరు చూసి రెండుసార్లు చదువుకున్నాను.

అప్పుడు నాకు జూనియర్‌గా ఆరణి వైపు రైతుల బిడ్డ ఒకడుండేవాడు. వాళ్ళింట్లోనూ తెలుగే, కానీ చదవడం, రాయడం తమిళంలోనే. ఆఫీసులో మేడమ్ అనేవాడు, జీపెక్కితే అక్కా అనేవాడు.

"ఇట్లాంటివాటికి ఎప్పుడూ నన్నే గదా తోలేది. ఇప్పుడేందక్కా నువ్వే బయల్దేరినావు?" అన్నాడు ఆ రోజు దారిలో.

"జనం ఎక్కువ వస్తారని."

"ఔనౌను. ఆ కొత్త చీర కూడా జనం వస్తారనేనా?"

"నోరు మూసుకుని రోడ్డు చూడు" అన్నాను. వాడు నవ్వుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం చేరాం. వేదిక పక్కన మెయిన్ బోర్డు పెట్టారు. దీపాలన్నీ జనరేటరు మీద, సౌండు మొత్తం కాలేజీ లైను మీద వేరువేరుగా ఇచ్చారు. పని శుభ్రంగా ఉంది. సౌండు కాంట్రాక్టరు తిరునిన్రవూరు ఆయన, పెళ్ళిళ్ళకూ పార్టీ మీటింగులకూ మైకు సెట్లు పెట్టి పైకొచ్చినవాడు. మర్యాదస్తుడు. ప్రతి ప్లగ్గు పాయింటూ నేనే వంగి పరీక్షించాను. ఎర్త్ ఎక్కడికక్కడ బాగుంది. సంతకం పెట్టాను.

ఎర్త్ అంటే ఏమిటో ఈ శాఖలో లేనివాళ్ళ కోసం ఒక్క మాట. ప్లగ్గులో లావుగా ఉండే మూడో పిన్ను అదే. యంత్రం లోపల ఎక్కడైనా కరెంటు కారి దాని ఒంటి మీదికి వస్తే, ఆ తీగ దాన్ని భూమిలోకి తీసుకుపోతుంది. ఆ తీగ లేకపోతే కరెంటు దారి కోసం కాచుకుని ఉంటుంది. మనిషి ముట్టుకుంటే మనిషే దారి.

తర్వాత బ్యాండు వ్యాను వచ్చింది. నేను దూరంగా, మెయిన్ బోర్డు పక్కన నిలబడి చూశాను. గిటారు ఆయన తన పాత యాంప్లిఫయరు పెట్టెను తానే పట్టుకుని దింపించాడు. ఎలక్ట్రిక్ గిటారుకు సొంత గొంతు ఉండదు. తీగలో పుట్టే సన్నటి కదలికను పెట్టె పెద్దది చేసి వినిపించాలి. ఆయనది గాజు వాల్వులతో పనిచేసే పాతకాలం పెట్టె. ఆ స్వరం అంతసేపు గాలిలో నిలవడానికి కారణం అదేనని అభిమానులందరికీ తెలుసు. స్విచ్ వేయగానే దానిలోంచి గుంయ్‌మని రొద మొదలైంది. తుమ్మెద గదిలో ఇరుక్కున్నట్టు. ఆయన ముఖం చిట్లించాడు. సౌండు కాంట్రాక్టరు పరుగున వెళ్ళి, "నేను చూసుకుంటా సార్" అన్నాడు. దగ్గరికి వెళ్ళి పలకరించమని మావాడు నన్ను మోచేత్తో పొడిచాడు. నేను బోర్డు దగ్గరే ఉండిపోయాను. ఈలోగా ప్రిన్సిపాల్ టిఫినుకు పిలవనంపాడు. క్యాంటీనుకు వెళ్ళాం.

పొద్దు వాలుతుండగా కార్యక్రమం మొదలైంది. మైదానం నిండా పిల్లలు. మాకు పక్క వరసలో కుర్చీలు వేశారు. మొదటి పాట మొదలైంది. వయసు మీద పడినా డ్రమ్స్ ఆయన అలాగే, ఆ వెంట్రుకవాసి వెనక. సాక్సఫోన్ ఆయన ఊపిరి తగ్గింది కానీ, తగ్గిన ఊపిరితో ఎక్కడ ఆగాలో ఇంకా బాగా తెలిసింది. గిటారు ఆయన ఒక్క స్వరం వేసి వదిలాడు. అది సాగి, సన్నబడి, ఆరిపోయింది. ఆరిపోయాక ఉన్న నిశ్శబ్దం ఎంత శుభ్రంగా ఉందంటే, నేను కళ్ళు మూసుకున్నాను.

మూసుకున్న కళ్ళు ఠక్కున తెరుచుకున్నాయి.

మధ్యాహ్నం విన్న రొద ఆ నిశ్శబ్దంలో ఉండాలి. అది ఏమైంది?

బాగుచేసి ఉంటాడని సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ రొద ఊరికే పోయేది కాదు. పెట్టె విప్పి లోపల పాతబడ్డ భాగాలు మార్చాలి, లేదా ప్రత్యేకమైన ట్రాన్స్‌ఫార్మరు పెట్టాలి. మేం టిఫిను తినేంతలో అయ్యే పని కాదు. అంతలో అయ్యేది ఒక్కటే ఉంది. ఆ ఒక్కటీ అయి ఉండకూడదని కోరుకుంటూ రెండో పాట మొత్తం కూర్చున్నాను. ఆ పాటలో ఒక్క ముక్క గుర్తులేదు.

"ఏందక్కా, ఒళ్ళు బాగలేదా?" అన్నాడు మావాడు.

"రా" అని లేచాను.

సౌండు కాంట్రాక్టరు మైదానం మధ్యలో, తన సౌండు మీటల బల్ల ముందు ఉన్నాడు. పిల్లల్ని తోసుకుంటూ అక్కడికి చేరేసరికి ఇంకో పాట నడుస్తోంది. ఆయన చెవి దగ్గర అరిచాను.

"గిటారు పెట్టె రొద ఎట్లా ఆపినారు?"

"ప్లగ్గులో ఎర్త్ తీగ పీకేసినానమ్మా" అన్నాడు, దాచకుండా, కాస్త గర్వంగా కూడా. "అది తీసేస్తే ఆ రొద నిలిచిపోతాది."

"ఎర్త్ పీకేస్తారా!"

"అందురూ చేసేదేనమ్మా. ఇన్నేండ్లుగా చేస్తా ఉండా, ఇంతవరకూ ఎవురికీ ఏమీ కాలా. ఒన్నుమిల్లమ్మా, ఏమీ లేదు, మీరు పోయి కూర్చోండి." నా ముఖం చూసి ధైర్యం చెప్పాలనుకున్నాడేమో, ఇంకో మాట కలిపాడు. "పాత పెట్టె గదా, మీద చెయ్యి పెడితే రవ్వంత జుమ్మంటా ఉండాది. అంతే."

జుమ్మందంటే లోపల కరెంటు కారుతోంది. పెట్టె నుంచి గిటారుకు తీగ, గిటారు మీద ఇనప తంత్రులు, వాటి మీద ఆయన వేళ్ళు. ఆయన కాళ్ళ కింద చెక్క వేదిక, రబ్బరు చెప్పులు. అందుకే ఇప్పటిదాకా ఏమీ కాలేదు. కానీ మైకు ఎర్త్ అయిన ఇనుము. తంత్రుల మీద వేళ్ళుంచి పెదవులు ఆ మైకుకు తాకిస్తే, కరెంటు చేతుల్లోంచి ఎక్కి గుండె మీదుగా నోటి దాకా పోతుంది. మెయిన్ బోర్డులో, కరెంటు కారితే లైను దానంతటదే కొట్టేసే లీకేజీ బ్రేకరు ఉంది కానీ, అది లైను మొత్తానికీ పెట్టిన పెద్దది. ఒక మనిషి ప్రాణం తీసేంత కరెంటు దానికి లెక్కలోకి రాదు.

"ఆయన పాడడు గదమ్మా" అన్నాడు కాంట్రాక్టరు, నేను చెప్పింది విని. "ఆయనకు మైకే లేదే."

"ఒక పాటలో పాడతాడు. వానపాట."

"అది కడసారిగా వస్తాదంట. ఈ పాట అయినాక మెల్లిగా చెప్తాలే. ఇప్పుడు ఆపితే ముందర కూర్చోనుండే కాలేజీ చైర్మన్ అయ్య నన్ను బతకనిస్తాడా?"

అది సబబే అనిపించింది. పాట ముగిసేదాకా ఆగుదామనుకున్నాను. ముగింపు దగ్గర పడింది. పిల్లలు చప్పట్లకు చేతులెత్తారు. డ్రమ్స్ ఆయన మాత్రం ఆపలేదు. తాళం నెమ్మదించి, వేరే నడకలోకి జారింది. బాస్ గిటారు మెట్లు దిగడం మొదలెట్టింది. సాక్సఫోన్ ఆయన మైకు దగ్గరికి వంగి మొదటి మాట అన్నాడు. సందు ఇవ్వకుండా వానపాటలోకి వచ్చేశారు.

జనం హోరెత్తారు.

వేదిక వైపు పరుగెత్తడమే. నా వయసుకు అది పరుగు కాదు, తోపులాట. దారిలో మా పై అధికారికి ఫోన్ చేశాను. రెండు ముక్కల్లో చెప్పాను.

"ప్లగ్గు పాయింటు దాకా అంతా సరిగ్గా ఉందా?" అన్నాడు.

"ఉంది సార్."

"మన సంతకం ప్లగ్గు పాయింటు దాకానే కదమ్మా. అవతల వాళ్ళు ఏం తగిలించుకుంటే మనకేం బాధ్యత?"

"మనిషి పోతాడు సార్."

"మీరు అక్కడ ఉన్నారు. మీకేది సరి అనిపిస్తే అది చేయండి. నాకు ఫోన్ చేసినట్టు మాత్రం రాయొద్దు" అని పెట్టేశాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ కుర్చీలో నేనున్నా అంతకన్నా బాగా చెప్పేదాన్నని అనుకోను.

మెయిన్ బోర్డు చేరేసరికి గొంతు భాగం అయిపోయి సాక్సఫోన్ మొదలైంది. అక్కడినుంచి వేదిక పక్కగా కనిపిస్తుంది. గిటారు ఆయన అవతలి కొసన, తల వంచుకుని ఉన్నాడు. వేదిక మెట్ల దగ్గర నల్ల చొక్కాల కాపలావాళ్ళు మమ్మల్ని పైకి పోనివ్వలేదు. ఎంత అరిచినా వాళ్ళకు వినపడదు, వినపడినా అర్థం కాదు.

"కొట్టేద్దామా అక్కా?" అన్నాడు మావాడు. సౌండు మెయిన్ స్విచ్ మీద నా చెయ్యి అప్పటికే ఉంది. అది కొడితే సౌండు మాత్రమే పోతుంది, దీపాలు ఉంటాయి. చీకట్లో తొక్కిసలాట భయం లేదు. అయినా చెయ్యి కదల్లేదు. ఒకవేళ కాంట్రాక్టరు చెప్పిన జుమ్మనడం మామూలుదే అయితే? చైర్మన్ ముందు, అంతమంది పిల్లల ముందు, జీవితమంతా ఎదురుచూసిన ఆ పాటను నా చేతులతోనే నరికేసినదాన్ని అవుతాను. డ్రమ్స్ భాగం ఇంకా ఉంది కదా, ఈలోపు కాంట్రాక్టరు ఏదైనా చేస్తాడేమో అని వేదిక వైపు చూస్తూ నిలబడ్డాను. సాక్సఫోన్ ఎంతసేపు సాగుతుంది? క్యాసెట్లో ఉన్నంతసేపా, వీడియోలో ఉన్నంతసేపా? ఏది దాన్ని నాకు ప్రాణం చేసిందో అదే ఇప్పుడు నా ప్రాణం తోడేస్తోంది. ఈ పాట ఇప్పుడు ఎటు తిరుగుతుందో నాకే కాదు, అది వాయిస్తున్నవాళ్ళకూ తెలియదు.

సాక్సఫోన్ రెండు ఊపిర్లతో ఆగిపోయింది. డ్రమ్స్ భాగం రాలేదు. గిటారు ఆయన తలెత్తి, నవ్వుతూ, నడవడం మొదలెట్టాడు.

స్విచ్ కిందికి లాగేశాను.

ఒక్కసారిగా అంత శబ్దం పోయేసరికి చెవులు దిబ్బళ్ళు వేసినట్టయింది. ఆ వెంటనే మైదానం అంతా "ఓ" అని కేకలు, ఈలలు. గిటారు ఆయన మైకుకు రెండడుగుల దూరంలో ఆగి, చేతిలోని గిటారు వైపు చూసుకున్నాడు. చైర్మన్ మనుషులు ఇద్దరు బోర్డు దగ్గరికి దూసుకొచ్చారు.

"ఎవురయ్యా ఆపింది?"

మావాడు స్విచ్‌కు అడ్డంగా నిలబడ్డాడు. అప్పటిదాకా వాడి గొంతులో అంత బిగువు నేను వినలేదు. "మా మేడమ్ ఆపింది. గవర్నమెంటు ఆర్డరు. మేడమ్ చెప్పేదాకా ఎవురూ దీని మీద చెయ్యి పెట్టకూడదు."

ఆర్డరేమీ లేదు. వాడు అక్కడికక్కడ పుట్టించాడు.

అప్పుడొక వింత జరిగింది. డ్రమ్స్ ఆయన ఆపలేదు. కర్రలు పక్కన పడేసి, కుంచెల్లాంటి సన్నని బ్రష్షులు తీసుకుని, మెల్లగా చినుకులు కురిపించడం మొదలెట్టాడు. ఎగిరిపోయిందనుకున్న భాగం అదే. బాస్ గిటారు ఆయనకు కరెంటు లేక చేసేదేమీ లేక, చిటికెలు వేశాడు. ముందు వరస పిల్లలు అందుకున్నారు. చిటికెలు వెనక్కి వెనక్కి పాకాయి. అరుపులు తగ్గాయి. సాక్సఫోన్ ఆయన మైకు వదిలి వేదిక అంచుకు వచ్చి, ఉత్త ఊపిరితో ఊదాడు. అంత మైదానంలో ఆ శబ్దం ఎంత? కానీ అందరూ నోరు మూసుకున్నారు కాబట్టి వినపడింది. కాపలావాళ్ళు కూడా అటే చూస్తుంటే నేను మెట్లెక్కిపోయాను.

ఆ పాట వింటూ పెట్టె వెనక మోకాళ్ళ మీద కూర్చుని ప్లగ్గు విప్పాను. ఎర్త్ తీగ తుంచి, నల్ల టేపు చుట్టి ఉంది.

గిటారు ఆయన దగ్గరికి వెళ్ళి తమిళంలో చెప్పాను. "సార్, గిటారు కింద పెట్టండి. దయచేసి మైకు ముట్టుకోవద్దు."

"మీరెవరమ్మా?"

"ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరును సార్."

ఆయనకు కోపం వచ్చింది. రాదా మరి? అయినా గిటారును ప్లాస్టిక్ కుర్చీ మీద పడుకోబెట్టాడు. విప్పిన ప్లగ్గును ఎర్త్ లేకుండా అలాగే బిగించి, ఎవరూ దేన్నీ ముట్టుకోకుండా చూసి, స్విచ్ వేయమని మావాడికి సైగ చేశాను. మన సంచిలో ఉండే టెస్ట్ ల్యాంపు మీకు తెలుసు, హోల్డరులో చిన్న బల్బు, రెండు తీగలు. ఒక తీగ గిటారు తంత్రికి, రెండోది మైకు జాలీకి ఆనించాను. వెలగకపోతే నా బతుకేమిటన్న ఆలోచన వచ్చింది, అబద్ధమెందుకు.

బల్బు వెలిగింది. పూర్తి వెలుగు కాదు. కుంపట్లో కణికలా, ఎర్రగా.

వేదిక మీద అందరూ ఆగిపోయారు. ముందు వరస పిల్లలు కూడా చూశారు, చిటికెలు ఆగాయి. గిటారు ఆయన ఆ బల్బును చాలాసేపు చూశాడు.

"కొన్నాళ్ళుగా కొన్ని ఊళ్ళలో వేళ్ళ కొసలు జిల్లుమంటున్నాయి" అన్నాడు మెల్లగా. "షుగరనుకున్నాను. డాక్టరు దగ్గర మందు కూడా మార్పించుకున్నాను."

స్విచ్ తీయించాను. ఆయన నా వైపు తిరిగాడు. "నేను పాడనని సౌండువాళ్ళు మీకు చెప్పే ఉంటారే. నాకు మైకు లేదు. నేను దాని దగ్గరికి వస్తానని మీకెలా తెలుసు?"

"ఈ పాటలో మీరెప్పుడూ వస్తారు కదా సార్" అన్నాను.

ఆయన నవ్వాడు, కళ్ళు తడిసేంతగా. సాక్సఫోన్ ఆయన వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

తర్వాత సంగతి చెప్తాను. చైర్మన్ మా పై ఆఫీసుకు ఫిర్యాదు పంపాడు. కార్యక్రమం మధ్యలో ఎందుకు అంతరాయం కలిగించారో వివరించమని నాకు మెమో వచ్చింది. వివరించాను. దానికి జవాబు రాలేదు, నేను అడగలేదు. ఇంటర్నెట్లో అభిమానుల గుంపులో నన్ను తిట్టని తిట్టు లేదు. కరెంటు ఆంటీ అని పేరు పెట్టారు. నేనూ ఆ గుంపులో సభ్యురాలినే, రోజూ చదువుకునేదాన్ని. ఒకరిద్దరు బల్బు ఫోటో పెట్టాక తిట్లు తగ్గాయి, పూర్తిగా ఆగలేదు. సౌండు కాంట్రాక్టరు కొన్ని వారాల తర్వాత తిరువళ్ళూరు ఆఫీసుకు వచ్చాడు. ఎర్త్ తీయకుండా రొద ఆపే ట్రాన్స్‌ఫార్మరు ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. చెప్పాను. కూర్చోమన్నా కూర్చోలేదు. "ఇన్నేండ్లలో ఎంతమంది గండం దాటినారో, లేకపోతే నేను ఎవురినైనా..." అని ఆపేసి వెళ్ళిపోయాడు.

మీలో చాలామంది అడిగేది ఒకటే: ఆ పాట చివర మీరు నేరుగా విన్నారు కదా, ఎలా ఉంది?

ఆ సాయంత్రం పాత పెట్టెను పక్కకు తోయించాను. గిటారును నేరుగా సౌండు బల్లకే కలిపారు, స్విచ్ వేయించాను. స్వరం పలచగా, వేరే ఎవరిదోలా వచ్చింది. అది చాలా తప్పని ఆయన ముఖం చెబుతూనే ఉంది, అయినా గిటారు మెడలో వేసుకున్నాడు. టెస్ట్ ల్యాంపు మళ్ళీ పెట్టాను. వెలగలేదు. ఇంకోసారి పెట్టాను. వెలగలేదు. దిగివచ్చి బోర్డు దగ్గర నిలబడి స్విచ్ మీద చెయ్యి వేశాను. ఇక దాన్ని అక్కడినుంచి తీయలేదు.

వాళ్ళు డ్రమ్స్ భాగం నుంచి మళ్ళీ ఎత్తుకున్నారు. గిటారు ఆయన నడుచుకుంటూ వచ్చాడు. మైకు ముందు ఆగాడు. నేను పరీక్షించాను, ఏమీ లేదని నాకు తెలుసు, అయినా నా చెవుల్లో నా గుండె చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆయన ఏ మాటలు పాడారో, ఏ శ్రుతిలో పాడారో, జనం ఏం చేశారో నాకు తెలియదు. నాకు కనిపించింది ఆయన పెదవులు, మైకు జాలీ, వాటి మధ్య సందు. ఆ సందు తగ్గుతూ వచ్చింది. ఆయన ఎడమచేతి వేళ్ళు తంత్రుల మీదే ఉన్నాయి. పెదవి మైకుకు తాకింది.

ఆయన పాడుతూనే ఉన్నాడు.